అఫ్జల్‌గంజ్ దవాఖానాలో క్లోరోఫాం పాఠం

పాత తెలుగు సినిమాల్లో ఒక సన్నివేశం మీరు చాలాసార్లు చూసే ఉంటారు. విలన్ మనిషి వెనకనుంచి వచ్చి హీరోయిన్ ముక్కు మీద జేబురుమాలు అదుముతాడు. రెండు క్షణాల్లో ఆమె ఒరిగిపోతుంది. ఆ రుమాల్లో ఉన్నది క్లోరోఫాం అని హాల్లో కూర్చున్న చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిజానికి క్లోరోఫాం అంత తొందరగా పనిచేయదు. మనిషికి స్పృహ తప్పాలంటే కొన్ని నిమిషాలు పీల్చాలి. అసలు ప్రమాదమంతా ఆ కొన్ని నిమిషాల్లోనూ, ఆ తరువాతా ఉంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనుషులు ఎందుకు చనిపోతున్నారో తేల్చాలని 1888, 1889 సంవత్సరాల్లో మన హైదరాబాద్‌లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. వైద్య చరిత్రలో వాటిని హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు అంటారు. వాటిని నడిపించినది ఎడ్వర్డ్ లౌరీ అనే సర్జన్. ఇండియన్ మెడికల్ సర్వీస్ ఉద్యోగి, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్. ఈ రోజు ఆయన గురించి, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ల గురించి మాట్లాడుకుందాం.

ముందు ఆ చోటు ఎక్కడో చూద్దాం. చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్ దాటి, మచిలీ కమాన్ కిందుగా వస్తే పత్తర్‌గట్టి. రెండు పక్కలా రాతి కమానుల వరస, వాటి కింద బట్టల దుకాణాలు, అత్తరు సీసాలు, ముత్యాల అంగళ్లు. అలాగే ముందుకు వెళ్తే మదీనా చౌరస్తా, ఆ తరువాత నయాపూల్. వంతెన దాటగానే అవతలి ఒడ్డున అఫ్జల్‌గంజ్, ఉస్మానియా దవాఖానా. పత్తర్‌గట్టిలో పనిచేసే హమాలీ కాలు విరిగితే ఇవాళ్టికీ ఈ దారినే నయాపూల్ దాటిస్తారు. లౌరీ కాలానికి ఈ రాతి కమానులు లేవు. అవి 1908 వరద తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హయాంలో వచ్చాయి. ఇప్పటి ఉస్మానియా భవనమూ అప్పటికి లేదు. కానీ దారి ఉంది, వంతెన ఉంది, ఒడ్డున అఫ్జల్‌గంజ్ దవాఖానా ఉంది. అది మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు 1866లో మొదలైంది.

వైద్య పాఠశాల అంతకన్నా ఇరవై ఏళ్లు పెద్దది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, రెసిడెన్సీ డాక్టరు విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ దాన్ని ప్రారంభించారు. పాఠాలన్నీ ఉర్దూలో. శరీర నిర్మాణ శాస్త్రమైనా, శస్త్రచికిత్స అయినా ఉర్దూలోనే చెప్పేవారు. చదువు పూర్తిచేసినవాళ్లకు ఇచ్చే పట్టా పేరు హకీం. ఊరికి అలవాటైన పేరునే కొత్త వైద్యానికీ తగిలించారన్నమాట. ఈ పాఠశాలే 1920 నాటికి ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది.

లౌరీ హైదరాబాద్‌కు 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చారు. ఆయన చదివింది స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో. అక్కడ జేమ్స్ సైమ్ అనే పేరుమోసిన సర్జన్ దగ్గర హౌస్ సర్జన్‌గా పనిచేశారు. ఆపరేషన్‌లో చీము పట్టకుండా క్రిమిసంహారక పద్ధతి తెచ్చిన జోసెఫ్ లిస్టర్, ఈ సైమ్‌గారి అల్లుడే. అంటే లౌరీ నేర్చుకున్నది ఆ కాలానికి మేటి అనదగ్గ గురువుల ఇంట. తరువాత ఇండియాకు వచ్చి లాహోర్‌లో శస్త్రచికిత్స పాఠాలు చెప్పారు. అక్కణ్నుంచి హైదరాబాద్. ఇక్కడ రెసిడెన్సీ సర్జన్ అంటే ఒక్క బ్రిటిష్ రెసిడెంట్‌గారి డాక్టరే కాదు. నిజాం వైద్య శాఖా ఆయన చేతిలోదే, అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆయన కిందిదే, మెడికల్ స్కూలుకూ ఆయనే పెద్ద. పొద్దున ఆపరేషన్ బల్ల దగ్గర, ఆ తరువాత తరగతి గదిలో. ఏ విద్యార్థికైనా ఆయన మాటే శాసనం.

వచ్చీ రాగానే పాఠశాలలో రెండు పెద్ద మార్పులు జరిగాయి. బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. దీనివల్ల ఇక్కడి విద్యార్థికి లండన్ పత్రికలు చదివే వీలు వచ్చింది. ఉర్దూ మాత్రమే వచ్చినవాళ్లకు తలుపు మూసుకుపోయిందన్నదీ అంతే నిజం. రెండోది, ఆడపిల్లలను చేర్చుకోవడం. పర్దా గట్టిగా ఉన్న రోజులు. ఆడవాళ్లు మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికే ఒప్పుకునేవారు కాదు. అటువంటి ఊళ్లో 1885లో కొందరు స్త్రీలు ఈ పాఠశాలలో చేరారు. వాళ్లలో ఒకరు రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్శీ యువతి. ఆమె సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు క్లోరోఫాం దగ్గరికి వద్దాం. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే ప్రసూతి వైద్యుడు తనమీదే ప్రయోగించుకుని, క్లోరోఫాం మత్తు ఇస్తుందని చూపించారు. మత్తుమందులు రాకముందు ఆపరేషన్ అంటే నలుగురు మనుషులు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవాల్సిందే. రోగి అరుపుల మధ్య సర్జన్ ఎంత వేగంగా కోస్తే అంత గొప్ప. ఆ బాధ ఒక్క సీసాతో పోయింది. కానీ మూడు నెలలైనా తిరగలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. చిన్న ఆపరేషన్. అమ్మాయి భయపడుతూ కుర్చీలో కూర్చుంది. కొద్దిసేపట్లోనే చనిపోయింది. క్లోరోఫాం వల్ల పోయినట్టు నమోదైన తొలి ప్రాణం ఆమెది. ఆ తరువాత ప్రతి దేశంలోనూ ఇలాంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. పెద్ద పెద్ద ఆపరేషన్లు తట్టుకున్నవాళ్లు ఉన్నారు. పన్ను పీకించుకోవడానికో, పుండు కోయించుకోవడానికో వచ్చి, మత్తు సరిగ్గా ఎక్కకముందే పోయినవాళ్లూ ఉన్నారు.

ఎందుకు పోతున్నారు? దీనిమీద డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. లండన్‌లో ఎక్కువమంది, క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బ తీస్తుందన్నారు. విక్టోరియా రాణికి 1853లో కాన్పు సమయంలో క్లోరోఫాం ఇచ్చిన జాన్ స్నో కూడా ఆకస్మిక మరణాల విషయంలో గుండెనే అనుమానించారు. వాళ్ల పద్ధతి, మత్తు ఇస్తూ మణికట్టు దగ్గర నాడి చూస్తూ ఉండడం. ఎడిన్‌బరోవాళ్లు అలా కాదన్నారు. గుండెకు ఏమీ కాదు, ముందు ఆగేది ఊపిరి. ఊపిరి ఆగితేనే తరువాత గుండె ఆగుతుంది. కాబట్టి ఊపిరి చూసుకుంటూ ఇస్తే మనిషి పోడు. సైమ్‌గారి పద్ధతి ఇదే. లౌరీ ఆ పద్ధతిని గురువు దగ్గరనుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు.

మన ఊరి సంగతి గుర్తుంచుకుంటే ఇందులో ఒక విచిత్రం కనిపిస్తుంది. ఆ రోజుల్లో చార్మినార్, పత్తర్‌గట్టి గల్లీల్లో జబ్బు చేసిన మనిషి మొదట వెళ్లేది యునానీ హకీం దగ్గరికి. హకీం సాహెబ్ మణికట్టు పట్టుకుని నబ్జ్ చూసేవారు. ఆయుర్వేద వైద్యుడైనా అంతే, నాడి చూడనిదే మందు పొట్లం కట్టడు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూడకపోతే వైద్యం జరిగినట్టే అనుకోని జనం. అటువంటి ఊళ్లో లౌరీ తన విద్యార్థులకు, మత్తు ఇచ్చేటప్పుడు నాడిని నమ్ముకోవద్దని చెప్పారు. నాడి మీద ధ్యాస పెట్టినవాడు ఊపిరి మీద ధ్యాస తప్పుతాడు, రోగి అక్కడే పోతాడు అన్నది ఆయన వాదన.

మరి ఆయన పద్ధతి ఎలా ఉండేది? తరువాత కమిషన్ రాసిన సూచనల్లో అది వివరంగా ఉంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. కుర్చీలో కూర్చోబెట్టి ఇవ్వకూడదు. మెడ దగ్గర, రొమ్ము మీద, పొట్ట మీద బట్టలు వదులు చేయాలి. ఊపిరికి అడ్డం ఉండకూడదన్నది ఒక కారణం. రొమ్మూ పొట్టా ఎగసిపడడం మత్తు ఇచ్చేవాడి కంటికి కనిపించాలన్నది రెండో కారణం. దూది పెట్టిన గుడ్డ టోపీలాంటి దాంట్లో క్లోరోఫాం వేసి, మొదట ముఖానికి ఎడంగా పట్టుకోవాలి. రోగి అలవాటు పడ్డాక దగ్గరికి తేవాలి. భయంతో ఊపిరి బిగబట్టినా, గింజుకున్నా వెంటనే టోపీ పక్కకు తీసేయాలి. ఎందుకంటే బిగబట్టిన మనిషి ఆ తరువాత ఒక్కసారిగా గట్టిగా పీలుస్తాడు. అప్పుడు మందు మోతాదు మించి లోపలికి పోతుంది. కంటి నల్లగుడ్డును వేలితో తాకినా రెప్ప కదలకపోతే మత్తు ఎక్కినట్టు. ఇక మందు ఆపాలి. కింది దవడను ముందుకు లాగి పట్టుకోవాలి. లేకపోతే నాలుక వెనక్కి పడి గొంతుకు అడ్డం పడుతుంది. ఊపిరిలో ఏమాత్రం తేడా వచ్చినా నాలుకను పట్టకారుతో బయటికి లాగి, కృత్రిమ శ్వాస మొదలుపెట్టాలి. సొంత ఊపిరి నిలకడగా వచ్చిందన్న నమ్మకం కుదిరేదాకా ఆపకూడదు.

మత్తు ఇచ్చే డాక్టర్లు ఎవరైనా వింటుంటే ఈ మాటలు వాళ్లకు కొత్తగా అనిపించవు. దవడ ముందుకు ఎత్తడం ఇవాళ్టికీ వైద్య విద్యార్థికి నేర్పే పనుల్లో ఒకటి. ఏ మిషన్లూ లేని కాలంలో ఒక విద్యార్థి కళ్లతో, చేతులతో చేయగలిగిన పనులన్నీ ఇందులో వరసగా ఉన్నాయి. అందుకే అఫ్జల్‌గంజ్‌లో వేలమందికి క్లోరోఫాం ఇచ్చి ఆపరేషన్లు చేయగలిగారు. మత్తు ఇచ్చినది చాలావరకు ఈ పాఠశాల విద్యార్థులే.

అయితే తన పద్ధతి పనిచేస్తోందని చెప్పుకోవడంతో లౌరీ తృప్తిపడలేదు. అది ఎందుకు పనిచేస్తోందో కూడా రుజువు చేయాలనుకున్నారు. 1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. పాట్రిక్ హెహిర్, కెల్లీ, షామరెట్ సభ్యులు. ఎక్కువగా కుక్కల మీద ప్రయోగాలు చేశారు. క్లోరోఫాం ఇస్తూ పోతే ప్రతిసారీ ముందు ఊపిరే ఆగింది, ఆ తరువాతే గుండె ఆగింది అని రాశారు. 1889 జనవరిలో మెడికల్ స్కూల్ బహుమతుల పంపిణీకి విక్టోరియా రాణి కొడుకు డ్యూక్ ఆఫ్ కనాట్ వచ్చినప్పుడు, ఆ సభలోనే లౌరీ ఈ సంగతి ప్రకటించారు. ఆ ప్రసంగం లండన్‌లోని లాన్సెట్ పత్రికకు చేరింది. ఆ పత్రిక ఈ ఫలితాలను అంత తేలిగ్గా నమ్మలేదు. ఇంగ్లండ్‌లో ఇన్నేళ్లుగా జరిగిన పరిశోధనకు ఇది ఎదురు పోతోందని అనుమానించింది.

అప్పుడు నిజాం ప్రభుత్వం ఒక మాట అంది. నమ్మకం లేకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఇందుకు వెయ్యి పౌండ్లు ఇచ్చింది. లాన్సెట్ పంపిన మనిషి థామస్ లాడర్ బ్రంటన్. లండన్ సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి వైద్యుడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో కనిపెట్టినది ఆయనే. క్లోరోఫాం గుండెకు చేటు అని నమ్మేవాళ్లలో ఆయనా ఒకరు. ఎదుటి పక్షం మనిషినే ఖర్చు పెట్టి పిలిపించుకోవడం మామూలు సంగతి కాదు.

1889 అక్టోబర్ చివరలో రెండో కమిషన్ పని మొదలైంది. లౌరీ అధ్యక్షుడు. బ్రంటన్‌తోపాటు జెరాల్డ్ బాంఫర్డ్, నిజాం వైద్య శాఖకు చెందిన డాక్టర్ రుస్తుంజీ హకీం సభ్యులు. జంతువు మెడ దగ్గరి రక్తనాళంలోకి గొట్టం పెట్టి, దానికి ఒక ముల్లు అమర్చారు. డోలులాగా తిరిగే యంత్రానికి కాగితం చుట్టారు. ముల్లు ఆ కాగితం మీద రక్తపోటును గీతగా గీస్తూ పోతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక చిన్న మిట్ట. ఊపిరి తీసిన ప్రతిసారీ ఒక పెద్ద అల. ఊపిరి ఎప్పుడు ఆగిందో, గుండె ఎప్పుడు ఆగిందో ఆ కాగితమే చెబుతుంది. డిసెంబర్ దాకా ఈ పని సాగింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిపి నాలుగు వందలకు పైనే ప్రాణులు ఈ ప్రయోగాల్లో పోయాయి. బ్రిటన్‌లో అప్పటికే, 1876 నుంచి, జంతువుల మీద ప్రయోగాలకు లైసెన్సు కావాలనే చట్టం ఉంది. అది నిజాం రాజ్యానికి వర్తించదు. మన ఊరి కీర్తి చెప్పుకునేటప్పుడు ఆ మూగజీవాల లెక్క కూడా చెప్పుకోవాలి.

ఫలితం లౌరీకి కావలసినట్టే వచ్చింది. బ్రంటన్ మనసు మార్చుకున్నారు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, లేదా మోతాదు మించడం వల్ల వస్తుందే తప్ప గుండెకు నేరుగా ఏమీ కాదని లండన్‌కు తంతి కొట్టారు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను నెలల తరబడి అచ్చువేసింది. హైదరాబాద్ పేరు ప్రపంచంలోని వైద్య కళాశాలలన్నిటా మోగింది. లౌరీ గెలిచినట్టే కనిపించారు.

ఇక్కడితో ఆపితే ఇది ఒక విజయగాథ. కానీ కథ ఇక్కడ ఆగలేదు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గ్యాస్కెల్, షోర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక తెలివైన ప్రయోగం చేశారు. ఒక జంతువు మెదడుకు రక్తం ఇంకో జంతువు నుంచి అందేలా కలిపారు. అలా చేస్తే క్లోరోఫాంను మెదడుకు మాత్రమే పంపవచ్చు, లేదా గుండెకూ మిగతా ఒంటికీ మాత్రమే పంపవచ్చు. మందు మెదడుకు మాత్రమే చేరినప్పుడు రక్తపోటు పడిపోలేదు. గుండెకు చేరినప్పుడు పడిపోయింది. అంటే గుండె మీద నేరుగా దెబ్బ ఉందన్నమాట. లౌరీ దీన్ని ఒప్పుకోలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అసలు చిక్కుముడి విడిపోయింది 1911లో. ఎ.జి. లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి ఒక సంగతి చూపించారు. క్లోరోఫాం ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా ఉన్నప్పుడు, అంటే మత్తు ఇంకా పైపైన ఉన్నప్పుడే ఆకస్మిక మరణం వస్తుంది. ఆ స్థితిలో ఒంట్లో అడ్రినలిన్ పొంగితే గుండె కింది గదులు కొట్టుకోవడం మానేసి గజగజా వణకడం మొదలుపెడతాయి. రక్తం ముందుకు పోదు. మనిషి ఉన్నట్టుండి పోతాడు. భయపడిన మనిషిలో అడ్రినలిన్ పొంగుతుంది. మత్తు పూర్తిగా ఎక్కకముందే కత్తి తగిలినా పొంగుతుంది. కుర్చీలో వణుకుతూ కూర్చున్న హన్నా గ్రీనర్, పన్ను పీకించుకోవడానికి వచ్చి పోయిన మనుషులు, అందరి చావులకూ ఇప్పుడు ఒక అర్థం కనిపించింది.

మరి హైదరాబాద్‌లో ఇది ఎందుకు దొరకలేదు? వాళ్లు జంతువులకు క్లోరోఫాం ఇస్తూ ఇస్తూ చనిపోయేదాకా తీసుకెళ్లారు. అలా మోతాదు పెంచుకుంటూ పోతే ముందు ఆగేది నిజంగానే ఊపిరే. వాళ్ల కాగితం మీద గీసిన గీత అబద్ధం చెప్పలేదు. కానీ మనుషులు పోతున్నది ఆ దారిలో మాత్రమే కాదు. పైగా 1889 నాటికి అడ్రినలిన్ అనే పదార్థం ఉందన్న సంగతే లోకానికి తెలియదు. తెలియని దాన్ని చూడలేదని లౌరీని తప్పుపట్టలేం. తప్పు ఎక్కడంటే, తాను చూసిన దారి తప్ప వేరే దారే లేదని పంతం పట్టడంలో. గుండెకు ఏమీ కాదన్న ధీమాతో నాడి చూడడం పూర్తిగా మానేసిన డాక్టర్ల చేతుల్లో ఎంతమంది పోయారో లెక్క లేదు.

ఈ పంతం ఇంకోచోట కూడా బయటపడింది. మలేరియాకు కారణం రక్తంలో ఉండే పరాన్నజీవి అని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ అప్పటికే చెప్పి ఉన్నారు. లౌరీ దాన్ని నమ్మలేదు. అది పరాన్నజీవి కాదు, రక్తకణాల్లో వచ్చే మార్పు మాత్రమే అని బాహాటంగా వాదించారు. 1897 ఆగస్టు 20న, ఆయన ఉన్న ఊరికి కొద్ది మైళ్ల దూరంలో, బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఆ పరాన్నజీవిని దోమ కడుపులో చూశారు. రాస్ కూడా లౌరీ పనిచేసిన ఇండియన్ మెడికల్ సర్వీస్ మనిషే. అంత దగ్గర్లో ఉండి, అంత పెద్ద సంగతి లౌరీ అంగీకరించలేకపోయారు.

ఇంతకూ ఆయన్ను ఎలా లెక్కవేయాలి? ఆయన చెప్పిన కారణం సగం తప్పు. ఆయన నేర్పిన పని మాత్రం దాదాపు అంతా ఒప్పే. నా మటుకు నాకు ఒక గురువును తూచడానికి ఈ తేడా ముఖ్యం అనిపిస్తుంది. సిద్ధాంతం తప్పని తేలినా, చేతికి నేర్పిన పని శిష్యుడి దగ్గర ఉండిపోతుంది. దానికి సాక్ష్యం రూపాబాయి ఫర్దూన్జీ.

ఆమె 1889లో, అంటే రెండో కమిషన్ కూర్చున్న సంవత్సరంలోనే, హకీం పట్టా పుచ్చుకున్నారు. ఆ తరువాత పనిగా పెట్టుకున్నది మత్తు ఇవ్వడమే. మత్తు ఇవ్వడం ఒక ప్రత్యేకమైన చదువుగా ఇంకా ఎక్కడా స్థిరపడని కాలం అది. లండన్‌లో మత్తు వైద్యుల సంఘం పుట్టిందే 1893లో. చాలాచోట్ల ఖాళీగా ఉన్న డాక్టరో, విద్యార్థో ఎవరో ఒకరు ఇచ్చేవారు. అటువంటప్పుడు హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఒక స్త్రీ అదే తన వృత్తి అనుకుని నిలబడ్డారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను ఇప్పుడు చెప్పుకుంటున్నారు. పర్దా పాటించే ఇళ్ల ఆడవాళ్లకు ఆమె ఎంత ఊరటో ఊహించవచ్చు. ఆపరేషన్ బల్ల మీద స్పృహ తప్పబోయే ముందు తలదగ్గర కనిపించే ముఖం ఒక ఆడమనిషిది.

ఆమె అక్కడితో ఆగలేదు. అమెరికా వెళ్లి జాన్స్ హాప్కిన్స్‌లో చదివారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లారు. మత్తు వైద్యానికి అక్కడ విడిగా కోర్సు లేదు. అందుకని మత్తు వాయువులను అర్థం చేసుకోవడానికి పనికొచ్చే భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని తిరిగొచ్చారు. గురువు చదివిన ఊరికే వెళ్లి చదివి వచ్చారన్నమాట. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా ఉద్యోగ విరమణ చేశారు. మత్తు ఇచ్చేటప్పుడు ఏం జరుగుతోందో కళ్లు తెరుచుకుని చూడాలన్న లౌరీ పాఠాన్ని ఆమె ఆయనకన్నా ముందుకు తీసుకెళ్లారని నా అభిప్రాయం.

లౌరీ 1901లో ఉద్యోగం విరమించి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ క్లోరోఫాం మీద ఇంకో కమిటీ వేసింది. మోతాదు ఎంత దాటితే ప్రమాదమో అది లెక్క కట్టింది. పీల్చే గాలిలో క్లోరోఫాం నూటికి రెండు పాళ్లు మించకుండా చూసే పరికరం కూడా వాడుకలోకి వచ్చింది. ఇక్కడ, 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ దవాఖానాను ముంచేసింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారు. లౌరీ పాఠాలు చెప్పిన ఆసుపత్రి ఆ వరదతో పోయింది. అదే ఒడ్డున ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఉస్మానియా దవాఖానా లేచింది. క్లోరోఫాం కూడా కాలక్రమంలో ఆపరేషన్ గదుల్లోంచి తప్పుకుంది.

ఇవాళ ఏ ఆపరేషన్ థియేటర్‌లో చూసినా మత్తు డాక్టరు పక్కన ఒక తెర ఉంటుంది. దానిమీద ఒక గీత గుండెది, ఇంకో గీత ఊపిరిది. వేలికి తగిలించిన క్లిప్పు రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో చెబుతుంది. లండన్‌వాళ్లు నాడి చూడమన్నారు, హైదరాబాద్‌వాళ్లు ఊపిరి చూడమన్నారు. నలభై ఏళ్లకు పైగా సాగిన పోట్లాటలో చెరో పక్షం పట్టుకున్న ఆ రెండు సగాలనూ ఇప్పుడు ఆ తెర మీద కలిపి చూస్తున్నారు.

శ్రోతల్లో ఎవరైనా, లేదా మీ ఇంట్లోవాళ్లు ఆపరేషన్‌కు వెళ్లాల్సి వస్తే ఒక మాట. సర్జన్ ఎవరని అందరం అడుగుతాం. మత్తు ఇచ్చేది ఎవరని అడిగేవాళ్లు తక్కువ. అడగండి. ఆ డాక్టరు ముందుగా మిమ్మల్ని చూడడానికి వస్తారు. బీపీ ఉన్నా, ఉబ్బసం ఉన్నా, ఏ మందు పడకపోయినా, లోపల భయంగా ఉన్నా దాచకుండా చెప్పండి. ఏమీ తినొద్దంటే తినొద్దు. గుక్కెడు టీ తాగితే ఏమవుతుందిలే అనుకోవద్దు. భయం గురించి చెప్పడం చిన్నతనం అనుకోకండి. మత్తు వైద్యంలో భయం కూడా ఒక లెక్కే. దాన్ని లెక్కలోకి తీసుకోవడం నేర్చుకోవడానికి వైద్యశాస్త్రానికి హన్నా గ్రీనర్ నుంచి లెవీ దాకా అరవై మూడేళ్లు పట్టింది.